పిల్లాడి నోరు ఎందుకు మూయించావు?

అమ్మాయీ,

నీ కథ రాత్రి చదివాను. సికింద్రాబాద్ తిరుమలగిరిలో మిలిటరీ క్యాంటీన్ క్యూ బాగా రాశావు. కానీ నాలుగో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. ఏడేళ్ల పిల్లాడు, సైన్యంలో చేసొచ్చిన తాతని "తాతా, నీకు భయం వేసిందా?" అని అడిగితే, వాళ్లమ్మ చేత "తప్పు నాన్నా, పెద్దవాళ్లను అలా అడగకూడదు, సెల్యూట్ చెయ్యి" అనిపించావు. నీ కథకంతటికీ ప్రాణమున్న మాట అదొక్కటే, దాన్నే నొక్కేశావు.

మా బాబాయి 1971 యుద్ధంలో ఉన్నాడు. మల్కాజిగిరిలో ఇల్లు, మంచం కింద నల్ల రేకు పెట్టె, దాని మీద తెల్లరంగుతో నంబరూ పేరూ. పదేళ్లప్పుడు నేనూ ఇదే అడిగాను. పిన్ని కళ్లెర్రజేసింది. ఆయన బూట్లకు పాలిష్ పెట్టుకుంటూ "వేసిందిరా, కానీ భయం కంటే దాహం ఎక్కువ" అన్నాడు. యుద్ధంలో పక్కనున్న మరాఠీ కుర్రాడు తన సీసాలో మిగిలిన నీళ్లు మూతలో పోసి ఇచ్చాడట, మూడుసార్లు. ఆ తర్వాత వాళ్లింటికి ఎప్పుడెళ్లినా బాబాయికి మంచినీళ్లు నేనే అందించేవాణ్ని. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

పెద్దయ్యాక అది కథగా రాస్తే ఒక వారపత్రిక ఎడిటర్ దాహం పేరా కొట్టేసి, చివర జెండా వందనం అతికించి ఆగస్టు సంచికలో వేశాడు. బాబాయి చదివి "ఇదెవరి కథరా?" అన్నాడు. ముప్పై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. ఇప్పటికీ ఆగస్టు, జనవరి వస్తే చాలు దేశభక్తి కథ కావాలని ఫోన్లు, మిగతా పది నెలలు ఆ సైనికుడు ఎలా బతుకుతున్నాడో ఎవరికీ అక్కర్లేదు.

నీ కథలో తల్లి జనవరి 14 గురించి పేజీడు ఉపన్యాసం ఇచ్చింది. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప 1953లో రిటైరైన రోజు కాబట్టి అది మాజీ సైనికుల దినమైంది, నిజమే. కానీ అవి సంక్రాంతి రోజులు, పిల్లలు ఇంట్లోనే ఉంటారు. జవాన్లు చాలామంది నలభై రాకముందే రిటైరై బ్యాంకు గేట్ల దగ్గరో, అపార్ట్‌మెంట్ల దగ్గరో మళ్లీ డ్యూటీ ఎక్కుతారు. ఉపన్యాసం బదులు, కథలో వాళ్ల గేటు దగ్గర అలా కాపలా ఉండే ఆయనకు అరిసెల డబ్బా ఆ పిల్లాడి చేతే పంపించు, కాసేపు అక్కడే కూర్చోనీ. డిసెంబరు 7న, సాయుధ దళాల పతాక దినాన, చందా ఇస్తే జేబుకు పెట్టే చిన్న జెండాలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం ఎందుకని వాడు అడిగితే త్రివిధ దళాల సంగతి తాత చెబుతాడు, ఆ చందా డబ్బులు ఎవరికి వెళ్తాయో కూడా. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లోని వీరుల సైనిక స్మారకానికి వాణ్ని తీసుకెళ్లాల్సింది కూడా తాతే, స్కూలు బస్సు కాదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు నాలుగో పేజీ తిరగరాసి నాకు పంపు. వాడు అడిగినదానికి తాత ఏమన్నాడో నాకు తెలియాలి.