ఆయిల్ పోయలేదని మెకానిక్ మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారి 1994 మోడల్ బుల్లెట్ 350 ఉంది, ఆర్‌సీ ఆయన పేరు మీదే. ఆగస్టులో ఇక్కడ ఒక షెడ్డులో ఇంజన్ ఆయిల్ మార్పించి, ఆయిల్ పంపు రిపేరు కూడా చేయించాను. 6,000 అంటే 5,200 ఇచ్చాను, 800 బాకీ. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం, బండి నెలన్నర కదల్లేదు. దసరాకి వచ్చి ఆయిల్ మూత విప్పి చూస్తే ఆయిల్ మట్టం చూసే స్టిక్ చివర కాస్త తడి తప్ప ఏమీ లేదు. లీటరు కొని పోశాను. రేపల్లె రోడ్డు మీద పది కిలోమీటర్లు వెళ్లానో లేదో పైపులోంచి ఆయిల్ చిమ్మి వెనక టైరు తడిసిపోయింది, ఒకటే పొగ. షెడ్డుకి తోసుకెళ్తే "మీరే ఎక్కువ పోశారు, ఇంజన్ ఓపెన్ చేయాలి, 7,000 అవుతుంది" అంటున్నాడు. పాత 800 ఇచ్చేదాకా బండి కూడా ఇవ్వడట. ఆయిల్ పోయకుండా డబ్బు తీసుకున్నందుకు చీటింగ్ కేసు పెట్టొచ్చా? కన్జ్యూమర్ కోర్టుకి వెళ్లాలా? నేను పోసిన లీటరు ఆయిల్ డబ్బులు కూడా క్లెయిమ్‌లో కలపొచ్చా?

జవాబు: చీటింగ్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ ఉత్తరం చదివితే అతను ఆయిల్ పోయలేదని కాదు, పోసిన ఆయిల్ మీకు కనిపించలేదని నాకు అనిపిస్తోంది. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా మీదే మీ కేసు నిలబడినా పడినా.

మా పెదనాన్నకి ఇలాంటి బండే ఉండేది. ఈ పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్లలో ఆయిల్ ఉండే చోటు (ఆయిల్ ట్యాంకు) వేరు, పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, ఉండే చోటు (క్రాంక్ కేసు) వేరు. పంపు ఆయిల్‌ని ట్యాంకులోంచి ఇంజన్‌కి పంపుతుంది, కిందికి కారినదాన్ని ఇంకో పంపు తోడి మళ్లీ ట్యాంకులోకి తెస్తుంది. బండి వారాల తరబడి నిలబడిపోతే ట్యాంకులోని ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ కేసులోకి దిగిపోతుంది. పంపు అరిగి ఉంటే ఇంకా త్వరగా దిగుతుంది. మీ స్టిక్ చూసేది ట్యాంకునే. ఆయిల్ అంతా ఇంజన్‌లోనే ఉన్నా స్టిక్ మాత్రం ఖాళీ అని చెబుతుంది. అప్పుడు చేయాల్సింది ఆయిల్ పోయడం కాదు, కిక్ కొట్టి నాలుగైదు నిమిషాలు నడవనిచ్చి, ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, మెయిన్ స్టాండ్ మీద నిటారుగా నిలబెట్టి అప్పుడు చూడటం. సైడ్ స్టాండ్ మీద చూసిన లెక్క లెక్క కాదు. మీరు చల్లటి ఇంజన్‌లో చూసి లీటరు పోసేశారు. స్టార్ట్ చేశాక కింద చేరిన ఆయిల్ పైకొచ్చింది, మీరు పోసిన లీటరు అప్పటికే అక్కడ ఉంది, ఇక ఇంజన్‌లో ఆయిల్‌కి చోటెక్కడిది? పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి బయటికి కొట్టింది. వెనక టైరుకి తగిలినా పడకుండా వచ్చారు, అంతవరకు అదృష్టం. (2009 ప్రాంతం నుంచి వచ్చిన కొత్త ఇంజన్ బుల్లెట్లకి పక్కన గాజు కిటికీ ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. ఆ బండ్లు చూసి అలవాటైన వాళ్లు పాత వాటి దగ్గర తరచూ తడబడతారు, మీరు ఒక్కరే కాదు.)

మరి మెకానిక్ తప్పేమీ లేదా అంటే, అలా కూడా అనలేను. రెండు చోట్ల నాకు అనుమానం ఉంది. ఒకటి, పంపు రిపేరు చేశానని డబ్బు తీసుకున్నాడు. పంపు బాగున్నా నెలన్నరలో కొంత దిగుతుంది, నిజమే, కానీ రిపేరైన పంపుతో ట్యాంకు పూర్తిగా ఖాళీ అయిందంటే ఆ పని నిజంగా జరిగిందా అని అడగొచ్చు. రెండోది, ఆయిల్ మార్చినప్పుడు అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్‌లు అన్నీ విప్పాడా, లేక ట్యాంకు ప్లగ్ ఒక్కటే విప్పి, క్రాంక్ కేసులోని పాత ఆయిల్ అలాగే వదిలేసి, పైనుంచి కొత్త ఆయిల్ పూర్తి కొలతలో పోసేశాడా? రెండోదే జరిగుంటే, మీరు ఆ లీటరు పోయకముందే ఇంజన్‌లో ఆయిల్ ఎక్కువ ఉన్నట్టు.

ఈ రెంటిలో ఏదైనా తేలాలంటే మీరు ఈ వారంలోనే ఒక పని చేయాలి. ఇంజన్ ఓపెన్ చేయనివ్వకండి. ఇంకో మెకానిక్‌ని, వీలైతే పాత బుల్లెట్లు తెలిసిన పెద్దాయన్ని, ఆ షెడ్డుకే తీసుకెళ్లండి. ఇద్దరి ముందూ ట్యాంకు ప్లగ్ విప్పి ఆయిల్‌ని కొలత గీతలున్న డబ్బాలోకి పట్టండి, తర్వాత క్రాంక్ కేసు ప్లగ్ విప్పి వేరే డబ్బాలోకి. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి ఫోటో, ఆయిల్ పడుతున్నప్పుడు వీడియో. ఈ ఇంజన్‌కి పట్టేది రెండు లీటర్ల పైచిలుకు. రెంటిలో కలిపి వచ్చినదానికి దారిలో చిమ్మినదాన్ని ఉజ్జాయింపుగా చేర్చి, మీరు పోసిన లీటరు తీసేస్తే, ఆగస్టులో ఇంజన్‌లో ఎంత ఉందో దాదాపుగా తెలుస్తుంది. లీటరు లోపే ఉందంటే మీ అనుమానం నిజం, మూడు లీటర్లకి దగ్గరగా ఉందంటే పాత ఆయిల్ తీయలేదని నా అనుమానం నిజం. రెండూ కాక రెండు లీటర్ల దరిదాపుల్లో ఉందంటే మెకానిక్ సరిగ్గానే పోశాడు, పంపు సంగతి ఒక్కటే మిగులుతుంది. వచ్చిన పెద్దాయన చేత తను చూసింది నాలుగు లైన్లు తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. దీని తర్వాత నేను చెప్పే చట్టమంతా ఆ కాగితం ఉంటేనే పనికొస్తుంది.

చీటింగ్ గురించి: భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద నేరం కావాలంటే డబ్బు తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. పని సరిగ్గా చేయకపోవడం మోసం కిందికి రాదు. స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్ అని పంపేస్తారు, ఈ విషయంలో వాళ్లని తప్పు పట్టను.

కన్జ్యూమర్ కేసుకి దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద షెడ్డులో డబ్బిచ్చి చేయించుకున్న రిపేరు 'సేవ', అందులో లోపం ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి (మీరు కన్జ్యూమర్ కోర్టు అన్నది ఇదే) వెళ్లొచ్చు. ఆర్‌సీ నాన్నగారి పేరు మీద ఉందని కంగారు వద్దు, డబ్బిచ్చింది మీరు, ఆయన ఇష్టంతోనే వాడుకుంటున్నారు. సంఘటన జరిగినప్పటి నుంచి రెండేళ్ల గడువు. సేవకి చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ముందుగా నోటీసు ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. గుంటూరులోనే వేయాలని కూడా లేదు, మీరు ఉండే చోటు లేదా పనిచేసే చోటు వేయొచ్చు గనుక హైదరాబాద్‌లోనూ కుదురుతుంది. కాకపోతే మెకానిక్‌ని అంత దూరం లాగితే రాజీకి ఒప్పుకునేవాడు కూడా మొండికేస్తాడు, అది ఆలోచించుకోండి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. సేవలో లోపం ఉందని నిరూపించే భారం ఫిర్యాదు చేసినవాళ్లదే, 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. "స్టిక్ మీద ఆయిల్ కనిపించలేదు" అన్న ఒక్క ముక్క పట్టుకుని వెళ్తే, అవతలి వైపు లాయర్ మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న "ఇంజన్ స్టార్ట్ చేసి చూశారా?" అనే. దానికి మీ దగ్గర జవాబు లేదు. అందుకే ఆ రెండు డబ్బాల గొడవంతా. ఫోన్‌లో తీసిన వీడియో ఇస్తున్నప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63 సెక్షన్ ప్రకారం, ఆ వీడియో ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కూడా జత చేయండి. కమిషన్లు సాక్ష్యం చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోవు, అయినా అడిగినప్పుడు వెతుక్కోవడం కన్నా ముందే పెట్టుకోవడం మేలు. ఆగస్టులో బిల్లు ఇచ్చాడా? మీరు రాయలేదు. అడిగినా ఇవ్వకపోతే అది కూడా అనుచిత వ్యాపార పద్ధతే, ఫిర్యాదులో చేర్చండి. డబ్బు ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇక బండి ఆపడం. ఇక్కడ మెకానిక్‌ది పూర్తిగా తప్పు. కాంట్రాక్టు చట్టం 170 సెక్షన్ ప్రకారం తను పని చేసిన వస్తువుని ఆ పని కూలి వచ్చేదాకా అట్టిపెట్టుకునే హక్కు మెకానిక్‌కి ఉంది, అది నిజం. కానీ ఆగస్టు పని అయ్యాక బండి మీ చేతికి ఇచ్చేశాడు, దాంతో ఆ పనికి సంబంధించిన హక్కు పోయింది. ఇప్పుడు కొత్తగా ఏ పనీ చేయలేదు. పాత బాకీకి బండి తాకట్టు పెట్టుకోవడం కుదరదు. అలాగని 800 ఎగ్గొట్టమని కాదు, అది మీరు ఇవ్వాల్సిందే. ఫోన్‌పేలో పంపి, "ఆగస్టు బాకీ తీర్చాను, బండి ఇవ్వండి, ఇంజన్ ఓపెన్ చేయడానికి నేను ఒప్పుకోలేదు" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఆ చివరి ముక్క మర్చిపోవద్దు. లేకపోతే మీ మాట లేకుండానే ఇంజన్ విప్పేసి 7,000 బిల్లు చేతిలో పెడితే, అప్పుడు నిజంగానే 170 సెక్షన్ అతని వైపు మాట్లాడటం మొదలెడుతుంది.

డబ్బాల కొలత మీవైపు తేలితే ముందు 1915 నంబరుకి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చిన్న షెడ్డువాళ్లు చాలామంది ఆ దశలోనే పంపు ఉచితంగా చేసిస్తామని దిగొస్తారు. దిగిరాకపోతే కమిషన్లకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు వేయండి. కేసు తేల్చడానికి చట్టంలో మూడు నెలలు, వస్తువుకి పరీక్ష అవసరమైతే ఐదు నెలలు అని రాసి ఉంది కానీ ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, 5,200 కోసం ఎన్ని వాయిదాలు తిరగగలరో మీ సెలవుల లెక్క మీకే తెలియాలి.

మీరు పోసిన లీటరు ఆయిల్ డబ్బులు కూడా క్లెయిమ్‌లో కలపొచ్చా అని ఉత్తరం చివర అడిగారు. అది వదిలేయండి సార్.