అమ్మాయికి బడి చూసే ముందు

చి.ల.సౌ. అమ్మలుకి, బరంపురం నుంచి పెద్దమ్మ దీవెనలు.

పాప ఆరో తరగతికి ఆ ఆడపిల్లల బడిలో పరీక్ష రాయబోతోందని, వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరినే తీసుకుంటారని, సీటు దొరికితే ఇక బెంగ లేదని మొన్న ఫోనులో చెప్పావు. అప్పుడు ఊరుకున్నాను. అల్లుడుగారు పక్కనే ఉన్నారు. ఆయన అంత సంబరపడుతుంటే అడ్డుపుల్ల వేయడం ఎందుకనిపించింది. ఉత్తరమైతే ఇద్దరూ తీరిగ్గా చదువుకుంటారు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పాను కాబట్టి అడుగుతున్నాను. చాటలో చెరిగి, తాలంతా పారబోసి, గట్టి గింజలే చల్లిన రైతు పంట చూపించి తన గొప్పే అంటే నువ్వు నమ్ముతావా? బాగా చదివే పిల్లల్నే ఏరుకున్న బడికి పదో తరగతిలో మంచి ఫలితాలు రాకపోతేనే వింత. గేటు మీది ఫ్లెక్సీలో ఉన్న పది ముఖాలు చూసి బడిని అంచనా వేయకు. తరగతిలో ముప్పయ్యో స్థానంలో ఉన్న పిల్లను ఆ బడి ఏం చేస్తోందో కనుక్కో. మన పాప ఇప్పుడున్న చిన్న బడిలో మొదటిది. అక్కడ అందరూ మొదటివాళ్లే వస్తారు. ఎవరో ఒకరు ముప్పయ్యో స్థానంలోకి జారాలి కదా.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు. నీకు పూర్తిగా తెలియని సంగతి ఒకటి రాస్తున్నాను. మా అమ్మాయిని, అదే మీ అక్కను, అలాంటి బడిలోనే వేశాం. పరీక్ష నెగ్గి చేరింది, వీధంతా మిఠాయి పంచాను. అక్కడ నెలనెలా ర్యాంకుల ప్రకారం బెంచీలు మార్చేవారు. రెండో ఏడాదికి చివరి రెండు బెంచీలు దానికి ఖాయమయ్యాయి. అంతకుముందు ఇంటికి వచ్చినవాళ్లందరినీ ప్రశ్నలతో వేధించే పిల్ల మెల్లగా చేయెత్తడం మానేసింది. తొమ్మిదో తరగతి చివర మమ్మల్ని పిలిచి, ‘మీ అమ్మాయికి ఇక్కడ భారమవుతోంది, టీసీ తీసుకుంటే మంచిది’ అన్నారు. మర్యాదగానే అన్నారు, కాఫీ కూడా ఇచ్చారు. ఆ ఏడాది వాళ్ల పదో తరగతి ఫలితాలు నూటికి నూరు. తర్వాత అది మామూలు బడిలో చదివింది, ఇప్పుడు రాయగడలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. ఇప్పటికీ నలుగురిలో ఏదైనా అడగాలంటే నా వైపు చూస్తుంది. పిల్లలకు చదువు చెప్పే దాన్నై ఉండి అది నాకు ముందే తట్టలేదే అని ఇప్పటికీ కుములుతుంటాను.

అందుకే ఆఫీసు గదిలో ముందుగా ఒక లెక్క అడుగు. రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఈ ఏడాది పదో తరగతి పరీక్ష ఎంతమంది రాశారు? ఉద్యోగాల బదిలీల వల్ల ఒకరిద్దరు తగ్గడం సహజం. అరవై మంది నలభై అయితే మిగతా ఇరవై మంది ఎక్కడికి పోయారని నెమ్మదిగా అడుగు. చెప్పకపోతే బయట గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులు చెబుతారు. నా అనుభవంలో ప్రిన్సిపాల్ గదిలో గంట కూర్చున్నదానికన్నా ఆ గేటు దగ్గర పావుగంట ఎక్కువ పనికొచ్చింది.

పరీక్ష గురించి ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి లోపు ప్రవేశానికి పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. మొదటిసారి తప్పు చేస్తే 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. డొనేషన్ పేరుతో వసూలు చేస్తే తీసుకున్నదానికి పదింతల దాకా. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. తొమ్మిదిలో చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టుకోవచ్చు. మైనారిటీవి కాని బళ్లు ఎనిమిది లోపు వడపోతనే ‘ఇంటరాక్షన్’ అనో ‘లెవల్ టెస్ట్’ అనో పేరు మార్చి నడిపిస్తాయి. నిన్ను తగాదాకు వెళ్లమనను. ఏ హోదాలో పరీక్ష పెడుతున్నారో అడుగు, కట్టే ప్రతి రూపాయికీ రసీదు తీసుకో. రసీదు ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయి.

గుర్తింపు పదో తరగతి దాకానా, పన్నెండు దాకానా అన్నది సీబీఎస్ఈ వెబ్‌సైటులో అల్లుడుగారు చూడగలరు. ఆ నియమావళి సెక్షనుకు 40 మంది అంటుంది. నువ్వు వెళ్లిన రోజు తలలు లెక్కపెట్టు.

ఇక మన సరిహద్దు బతుకుల చిక్కు. ఇద్దరం ఒడిశాలోనే ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నవాళ్లకు ఇది బరంపురంలో మాకంటే ఎక్కువ, ఆంధ్రలోని పాతపట్నం మీకు పక్కవీధి లాంటిది కదా. ఆంధ్రలో ఇంజినీరింగ్ సీటుకు స్థానికురాలు అనిపించుకోవాలంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఇటు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చినట్టు చూపించాలి. రెండో భాషగా హిందీ, సంస్కృతం మాత్రమే ఉన్న బడిలో వేస్తే పిల్ల తర్వాత ఆ పరీక్ష విడిగా రాసుకోవాలి. నా మాట వింటే ఎనిమిది దాకా ఒడియా ఉన్న బడిలోనే ఉంచు. ఏ వైపు వెళ్లాలో తొమ్మిదిలో పాపే చెబుతుంది. తెలుగు మాత్రం ఏ బడిలోనూ సరిగ్గా దొరకదు, అది నీ బాధ్యత. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ మన పిల్లకు తెలుగు గుణింతం రాకపోతే నలుగురూ నవ్వుతారు.

ఆడపిల్లలకే ప్రత్యేకమైన బడి మంచిదే. లేబొరేటరీలో పరికరాలు వాళ్లే ఎత్తుతారు, ఆటల జట్టుకు వాళ్లే నాయకులు, ‘అబ్బాయిలు చేస్తారులే’ అని కూర్చోబెట్టేవాళ్లుండరు. కానీ ఒకటి చూసుకో. కొన్ని బళ్లలో పన్నెండు దాకా చదువున్నా లెక్కలు, భౌతికశాస్త్రం ఉండవు. హోమ్ సైన్స్‌తో సరిపెడతారు. ఇంకొన్నిచోట్ల క్రమశిక్షణ అంటే రెండు జడలు, తాళం వేసిన గేటు. టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో అడుగు. ఏటా కొత్త ముఖాలైతే జీతాలు సరిగ్గా ఇవ్వడం లేదనుకో.

మరుగుదొడ్లు పొద్దున్న కాకుండా మధ్యాహ్నం భోజనం గంట తర్వాత చూడు. సిగ్గుపడకు, పన్నెండేళ్ల పిల్ల పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగకుండా ఎందుకుంటుందో అక్కడే తెలుస్తుంది. బస్సులో నువ్వే ఒకసారి ఎక్కి పాప దిగాల్సిన చోటు దాకా వెళ్లు. ఆయా ఉందా, చివరి పిల్ల దిగేదాకా ఉంటుందా అన్నది చూడు. గంటకు మించిన ప్రయాణమైతే ఎంత గొప్ప బడైనా నాకు ఇష్టం లేదు.

పాపను కూడా తీసుకెళ్లు. తిరిగొచ్చేటప్పుడు ‘నచ్చిందా’ అని అడగకు, పిల్లలు మన ముఖం చూసి జవాబిస్తారు. అక్కడ ఎవరితో మాట్లాడావని అడుగు.

పరీక్ష అయ్యాక వేసవి సెలవులకు దాన్ని నా దగ్గరకు పంపు. తెలుగు దిద్దిస్తాను, ఆవకాయ జాడీ కూడా ఇచ్చి పంపుతాను. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

మీ పెద్దమ్మ