తెలియనివాళ్ల ఫైళ్లు తెరవడమే మా పని

ప్రశ్న: "మధురవాడలో ఇంటి నుంచి పని చేస్తాను. ఒకే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని, సొంత బ్యాంకు లావాదేవీలు. వర్చువల్ మెషీన్ పెట్టుకుంటే భద్రత, ప్రైవసీ నిజంగా పెరుగుతాయా? లేక ల్యాప్‌టాప్ నెమ్మదించడమే మిగులుతుందా?"

వర్చువల్ మెషీన్ అంటే మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. దానితో భద్రత పెరుగుతుంది, ఒక షరతు మీద. ప్రైవసీ దానంతట అది పెరగదు. ఆ షరతు ఏమిటో 2021 ఆగస్టులో ఒక్క రాత్రిలో నాకు తెలిసివచ్చింది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

విశాఖపట్నం వన్ టౌన్‌లో ఒక కస్టమ్స్ బ్రోకరు ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. పోర్టు చుట్టుపక్కల అందరూ మమ్మల్ని ఇప్పటికీ పాత పేరుతో సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) అనే అంటారు. దిగుమతి సరుకు తాలూకు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మాకు మెయిల్‌లో వస్తాయి. వాటిని చూసి బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాల ప్రకటన, తయారుచేసి కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైటు ఐస్‌గేట్‌లో వేస్తాం. ఆ కాగితాలు పంపేవాళ్లలో చాలామంది ముఖం మేము ఎన్నడూ చూడలేదు. ఒకరు షాంఘైలో ఉంటారు, ఒకరు దుబాయ్‌లో ఉంటారు. ఈ నెల ఒక పేరుతో వచ్చిన మెయిల్ వచ్చే నెల ఇంకో పేరుతో వస్తుంది.

అందుకే "తెలియనివాళ్లు పంపిన అటాచ్‌మెంట్లు తెరవకండి" అనే సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది. తెలియనివాళ్ల అటాచ్‌మెంట్లు తెరవడమే మా జీవనోపాధి. చాలా ఓడలకు సరుకు చేరే రోజుకు ముందు రోజే బిల్ ఆఫ్ ఎంట్రీ వేసేయాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000 రూపాయలు, ఆపైన రోజుకు 10,000 రూపాయలు కట్టాలి. కంటైనర్ కదలకపోతే టెర్మినల్ అద్దె, కంటైనర్ ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు షిప్పింగ్ లైనుకు కట్టే డిటెన్షన్ వేరే. ఇన్ని మీటర్లు తిరుగుతుండగా మెయిల్‌ను అనుమానంగా చూస్తూ కూర్చునే తీరిక ఎవరికి ఉంటుంది? ఆసుపత్రి బిల్లుల విభాగంలోనూ, ఉద్యోగ దరఖాస్తులు చూసే చోటా, కోర్టు గుమాస్తాల దగ్గరా ఇదే పరిస్థితి. తెరవవద్దని చెప్పడం తేలిక. తెరవక తప్పనివాడు ఎక్కడ తెరవాలో చెప్పేవాళ్లే లేరు.

ఆ "ఎక్కడ"కు జవాబుగానే 2019లో నేను వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. దాని లోపల ఒక విండోస్. బయటి నుంచి వచ్చిన ప్రతి ఫైలునూ అందులోనే తెరిచేవాణ్ణి. శుభ్రంగా ఉన్నప్పుడు తీసిన స్నాప్‌షాట్, అంటే ఆ మెషీన్ అప్పుడు ఎలా ఉందో దాచిన నకలు, ఒకటి ఉండేది, ప్రతి శనివారం సాయంత్రం దానికి వెనక్కు వెళ్లేవాణ్ణి. రెండేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ రోజు సాయంత్రం ఏడు దాటింది. ముసురు పట్టి, కిటికీలోంచి రోజూ కనిపించే డాల్ఫిన్స్ నోస్ కూడా కనిపించడం లేదు. మర్నాడు వచ్చే ఓడలో మా దిగుమతిదారువి నాలుగు కంటైనర్లు ఉన్నాయి. బీఎల్‌లో బరువు తప్పు పడిందని పొద్దుటి నుంచి ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. "సవరించిన బీఎల్" అంటూ ఒక మెయిల్ వచ్చింది. ఓడ పేరు సరిగ్గానే ఉంది, వాయేజ్ నంబరూ సరిగ్గానే ఉంది. జిప్ ఫైలును వర్చువల్ మెషీన్‌లోకి పంపి విప్పాను. ఎర్రటి పీడీఎఫ్ బొమ్మతో ఒకే ఒక ఫైలు. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను చూపించదు కదా, నిజానికి దాని తోక ఈఎక్స్‌ఈ, అంటే అది కాగితం కాదు, ప్రోగ్రామ్. రెండుసార్లు నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను. కంప్యూటర్ ఫ్యాను హోరుమంది.

రెండు మూడు నిమిషాల్లో ఆ లోపలి విండోస్ తెరపై ఉన్న ఫైళ్ల బొమ్మలు ఒక్కొక్కటిగా తెల్లబోవడం మొదలైంది. ఎక్సెల్ పచ్చదనం పోయింది, వర్డ్ నీలం పోయింది. ప్రతి పేరు చివరా అర్థం లేని ఆరు అక్షరాలు వచ్చి చేరాయి. తర్వాత ఒక నోట్‌ప్యాడ్ తెరుచుకుని డబ్బు అడిగింది. నేను కంగారు పడలేదు. వర్చువల్ మెషీన్ ఆపేశాను, స్నాప్‌షాట్‌కు వెనక్కు వెళ్లాను. ఒక్క నిమిషంలో అంతా ముందులాగే వచ్చేసింది. దీనికోసమే కదా ఇంత ఏర్పాటు చేసుకున్నది అనుకుని, అసలు బీఎల్ కోసం ఫోను చేసి, పని ముగించి ఇంటికి వెళ్లాను.

పొద్దున్నే మా ఆఫీసు కుర్రవాడు ఫోను చేశాడు. "అన్నా, పాత జాబుల ఫైళ్లు ఏవీ తెరుచుకోవడం లేదు. అన్నీ తెల్లగా ఉన్నాయి" అన్నాడు. ఒక్కో సరుకు పనిని మేము జాబ్ అంటాం. ఆ "తెల్లగా" అనే మాట వినగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది.

జరిగింది ఇదీ. ఫైళ్లను అటూ ఇటూ పంపడం సులువుగా ఉంటుందని, మొదట్లోనే నేను ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టాను. వర్చువల్ మెషీన్ లోపల అది జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. బయట అది మా అసలు కంప్యూటర్‌లోని "జాబ్స్" ఫోల్డర్. చదవడానికే కాదు, రాయడానికీ అనుమతి ఇచ్చాను. ఫైళ్లకు తాళం వేసే ఆ ప్రోగ్రామ్ లోపలి సి డ్రైవ్ పని పూర్తిచేసి, తర్వాత ఏ డ్రైవ్ ఉందా అని చూసుకుంది. జెడ్ కనిపించింది. స్నాప్‌షాట్ వెనక్కు తిప్పేది వర్చువల్ మెషీన్ సొంత డిస్కును మాత్రమే. షేర్డ్ ఫోల్డర్ అసలు కంప్యూటర్ ఆస్తి, దాన్ని అది ముట్టుకోదు. గోడ ఎక్కడా కూలలేదు. గోడకు తలుపు పెట్టినవాణ్ణి నేనే, గడియ వేయనివాణ్ణీ నేనే.

కస్టమ్స్ బ్రోకర్లు రికార్డులన్నీ కనీసం ఐదేళ్లు భద్రపరచాలని 2018 నాటి లైసెన్సింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ ఐదేళ్లూ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. మా యజమాని ఇంట్లో ఒక బయటి హార్డ్‌డిస్కు ఉండబట్టి బతికాం. అందులో నలభై రోజుల కిందటి వరకు కాపీ ఉంది. మిగిలిన నలభై రోజులవీ దిగుమతిదారులను బతిమాలి, పాత మెయిళ్లు వెదికి, కాగితాలు మళ్లీ స్కాన్ చేసి కూడగట్టాం. పదకొండు రాత్రులు పట్టింది. మా యజమాని ఒక్క మాట అనలేదు. ఆయన తిట్టి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేది. డబ్బు కట్టే ఆలోచనే వద్దన్నారు, అదీ మంచి నిర్ణయమే.

ఒక్కటి మాత్రం దక్కింది. మా డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను, అంటే ఆన్‌లైన్ కాగితాలపై మా సంతకం వేసే యూఎస్‌బీ పరికరాన్ని, నేను ఎన్నడూ వర్చువల్ మెషీన్‌కు తగిలించలేదు. అది లోపలికి వెళ్లి ఉంటే మా సంతకంతో ఇంకెవరో కాగితాలు వేసే ప్రమాదం ఉండేది.

కాబట్టి నా షరతు ఇది: వర్చువల్ మెషీన్‌కూ మీ కంప్యూటర్‌కూ మధ్య సౌకర్యం కోసం పెట్టుకున్న దారులన్నీ మూసేయండి. ఇప్పుడు నేను చేసేది చెబుతాను. షేర్డ్ ఫోల్డర్ ఒక్కటే ఉంది, అది ఖాళీ ఫోల్డర్, చదవడానికి మాత్రమే అనుమతి. వచ్చిన ఫైలును అందులో వేస్తాను, లోపల చూస్తాను, అక్కడి నుంచి బయటికి ఏమీ రాయడం కుదరదు. క్లిప్‌బోర్డు రెండు వైపులా ఆపేశాను. మీరు బయట కాపీ చేసిన పాస్‌వర్డ్‌ను లోపలి దొంగ చదవగలడని చాలామందికి తట్టదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో "కేబుల్ తగిలి ఉంది" అనే అర్థం వచ్చే టిక్కు ఒకటి ఉంటుంది, ఫైలు తెరిచే ముందు దాన్ని తీసేస్తాను. వర్చువల్ మెషీన్‌ను నాట్‌లో, అంటే అసలు కంప్యూటర్ చాటు నుంచి నెట్‌కు వెళ్లే పద్ధతిలో, పెడితే చాలు, సురక్షితం అనేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పొరపాటు. నాట్‌లో ఉన్నా లోపలి మెషీన్ మీ ఇంటి వైఫైలోని మిగతా కంప్యూటర్లను చేరగలదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై అంత వేగంగా పాకడానికి ఒక కారణం, ఒకే నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తనంతట తాను వెళ్లగలగడమే కదా.

లోపల ఇప్పుడు విండోస్ కూడా లేదు, దాని బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాను. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూడడానికి లిబ్రేఆఫీస్ చాలు. విండోస్ కోసం రాసిన ఈఎక్స్‌ఈ అక్కడ నేరుగా నడవదు. ఈ ఒక్క మార్పు ఏ యాంటీవైరస్ కంటే ఎక్కువ పనిచేస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ గోడ కూడా మనుషులు కట్టినదే. 2015లో వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్‌లో వెనమ్ అనే లోపం బయటపడింది. అది ఎక్కడ ఉందో తెలుసా? వర్చువల్ ఫ్లాపీ డ్రైవ్ కోడ్‌లో. ఎవరూ వాడని ఫ్లాపీ గుండా లోపలి మెషీన్ నుంచి బయటి మెషీన్‌కు దారి దొరికే అవకాశం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. అందుకని వర్చువల్‌బాక్స్‌కు కొత్త వెర్షన్ వచ్చిన వారంలోపే వేసుకోండి. విండోస్ అప్‌డేట్ చేసి, దీన్ని మూడేళ్లు వదిలేసేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ప్రైవసీ సంగతికి వస్తాను. వర్చువల్ మెషీన్ లోపల బ్రౌజర్ తెరిచి మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే, గూగుల్‌కు మీరు మీరే. నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే ఐపీ చిరునామా కూడా అదే. వేరు చేయదలిస్తే పనులను వేరు చేయాలి. ఒక మెషీన్‌లో బ్యాంకు, అందులో ఇంకేమీ ఉండకూడదు. ఇంకో దాంట్లో మిగతావన్నీ. ఇదే ఆలోచనను మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్‌గా కట్టింది క్యూబ్స్. కంప్యూటర్ భద్రతా పరిశోధకురాలు యోవాన్నా రుట్కోవ్‌స్కా బృందం 2012లో దాని మొదటి వెర్షన్ విడుదల చేసింది. అనుమానపు పీడీఎఫ్‌ను వాడి పారేసే మెషీన్‌లో బొమ్మలుగా మార్చి, శుభ్రమైన పీడీఎఫ్‌గా తిరిగి ఇచ్చే సదుపాయం అందులో ఉంది. కస్టమ్స్ వాళ్ల ఆన్‌లైన్ ఏర్పాటు ఈ-సంచిత్‌లో కాగితాలు ఎక్కించే మాలాంటివాళ్లకు అంతకంటే పనికొచ్చేది లేదు. కానీ దానికి 16 జీబీ ర్యామ్ ఉంటే మంచిది, మా ఆఫీసులో అంత లేదు. ఐపీ కూడా దాచుకోవాలంటే హూనిక్స్ చూడండి. అందులో రెండు మెషీన్లు ఉంటాయి. ఒకటి మన చిరునామాను దాచే టోర్ నెట్‌వర్క్ ద్వారా మాత్రమే బయటికి వెళ్తుంది, మీరు పని చేసే రెండోదానికి ఆ మొదటిది తప్ప వేరే దారి ఉండదు.

ఒకటి మరవద్దు. మీ అసలు విండోస్‌లోనే దొంగ ఉంటే లోపల ఎన్ని మెషీన్లు పెట్టినా లాభం లేదు. మీరు నొక్కే ప్రతి అక్షరం ముందు దాని చేతుల్లోంచే వెళ్తుంది. ద్వారకానగర్‌లో ఒక కొట్టులో మా బంధువుల అబ్బాయి కొత్త కంప్యూటర్ కొంటే, అడగకుండానే దొంగ విండోస్, దానితో పాటు దాన్ని "యాక్టివేట్" చేసే ఏదో ప్రోగ్రామ్ వేసి ఇచ్చారు. యాంటీవైరస్‌ను ఆపేసి మరీ వేశారు. అలాంటి పునాది మీద వర్చువల్ మెషీన్ కట్టవద్దు. అదే కొట్టులో బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ సెట్టింగుల్లో, వర్చువల్ మెషీన్లకు కావాల్సిన వర్చువలైజేషన్ ఆపి ఉంచారు, ఎందుకని అడిగితే జవాబు లేదు. మీది ఆన్‌లో ఉందో లేదో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర సీపీయూ నొక్కితే కనిపిస్తుంది.

నెమ్మదిస్తుందా అన్నారు. 8 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్‌కు 3 జీబీ ఇవ్వండి. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకోకపోతే హాయిగా నడుస్తుంది. మీది విండోస్ ప్రో అయితే శాండ్‌బాక్స్ అనే వాడి పారేసే మెషీన్ దానితోనే వస్తుంది, ఆన్ చేసుకోవాలంతే, మూసేయగానే లోపలిదంతా పోతుంది. ఎక్కువమంది ఇళ్లలో ఉండే హోమ్ ఎడిషన్‌కు దాన్ని ఇవ్వకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అవసరం ఉన్నది ఇళ్లలో వాళ్లకే కదా.

మా హార్డ్‌డిస్కు ఇప్పుడు రెండయ్యాయి. శనివారాల్లో ఒకటి యజమాని ఇంటికి వెళ్తుంది, ఇంకొకటి ఆఫీసుకు వస్తుంది. మోసుకెళ్లేది ఆ పొద్దున ఫోను చేసిన కుర్రవాడే. కాపీ పూర్తయ్యాక నాలుగైదు ఫైళ్లు తెరిచి, బొమ్మలకు రంగులు ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంచిలో పెడతాడు.