దేశం మీద ట్రావెల్ బ్రోషర్: ముందు తెల్లకాగితం మడవండి

ఎనిమిదో తరగతి బాబుకి ఏదైనా ఒక దేశం మీద ట్రావెల్ బ్రోషర్ చేసుకురమ్మన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు అన్నారు కదా. పోయినేడు మా అమ్మాయి ఐస్‌లాండ్ మీద చేసింది. నేను పక్కన కూర్చుని మరీ రెండుసార్లు చెడగొట్టించాను కాబట్టి చెబుతున్నా.

మొదటిసారి వ్యాసం రాసి, ముక్కలు చేసి అంటించేశాం. విస్తీర్ణం, జనాభా, ఎగుమతులు అన్నీ ఉన్నాయి, చదివితే మాత్రం వెళ్లాలనిపించదు. పైగా అందులో ఒక వాక్యం: "జూన్‌లో రండి, అర్ధరాత్రి వెలుగునీ నార్తర్న్ లైట్స్‌నీ ఒకే ట్రిప్పులో చూడండి!" జూన్‌లో అక్కడ రాత్రి చీకటే సరిగా పడదు. ఆ లైట్స్ అంటే రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగులు, అవి కనపడాలంటే చీకటి కావాలి, అంటే సుమారుగా సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా. నాకూ తట్టలేదు. టీచర్ చూసి ఒకటే అడిగారట: "ఇంతకీ నన్ను ఏ నెలకి టికెట్ కొనమంటావ్?"

ఆ ప్రశ్న పట్టుకునే మళ్లీ మొదలుపెట్టాం. చలికాలం ట్రిప్పు అని తేల్చుకున్నాక ఏది ఉంచాలో, ఏది తీసేయాలో దానంతటదే తేలిపోయింది. స్ట్రోక్కర్ అనే వేడినీటి బుగ్గ దాదాపు ప్రతి 6 నుంచి 10 నిమిషాలకోసారి పైకి చిమ్ముతుంది, కాబట్టి "కెమెరా పట్టుకుని కాస్త ఓపిగ్గా నిలబడండి" అని రాసింది. 930లో ఆల్థింగ్ అనే చట్టసభ మొదలైన థింగ్‌వెల్లిర్ అనే చోటుకి రెండు లైన్లు. డిసెంబర్‌లో పగటి వెలుగు నాలుగైదు గంటలే అని కూడా దాచకుండా పెట్టింది. కరెన్సీ క్రోనా, వీసా షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా), రాజధాని రేక్యావిక్. ఇవన్నీ వెనక పేజీలో చిన్న డబ్బాలో పెడితే చాలు.

రెండోసారి చెడింది మడతల దగ్గర. ప్రింట్ తీసి మడిస్తే కవర్ లోపలికి పోయింది! అందుకే ముందు తెల్లకాగితం మూడు భాగాలు వచ్చేలా మడిచి, ప్రతి ముఖం మీదా పెన్సిల్‌తో "కవర్", "వెనక", "లోపలికి మడిచేది" అని రాసుకుని విప్పండి. ఏ4 కాగితం అడ్డంగా పెడితే బయటివైపు కుడి చివర కవర్, మధ్యలో వెనక పేజీ, ఎడమ చివర లోపలికి మడిచేది వస్తాయి. ఆ మడిచే భాగం 97 మిల్లీమీటర్లు, మిగతా రెండూ వందేసి ఉంచండి, లేకపోతే అంచు ఉబ్బుతుంది. రెండువైపులా ప్రింట్ తీసేటప్పుడు "ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్" ఎంచుకోండి, లేదంటే ఒకవైపు తలకిందులుగా పడుతుంది.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. మేం ఇంచుమించు కవర్ మీద పెట్టేసిన అందమైన మంచుకొండ, తీరా చూస్తే నార్వేది. ఫొటో ఎక్కడిదో, ఎవరు తీశారో ఒకసారి చూసుకుని, తీసినవాళ్ల పేరు కింద చిన్న అక్షరాల్లో వేయించండి.

బాబు ఏ దేశం తీసుకున్నాడో చెప్పండి, ఏ నెల ట్రిప్పు పెడితే బాగుంటుందో చూద్దాం.