ప్రకృతి చిత్రకారుల వృత్తి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ పూర్తి చేశాడు. ఫొటోగ్రఫీనీ నీటిరంగుల చిత్రలేఖనాన్నీ కలిపి, ప్రకృతి చిత్రాలనే వృత్తిగా పెట్టుకుంటానంటున్నాడు. ఎప్పుడూ అడవుల వెంట తిరగడమే పనైతే ఇల్లు గడిచేదెలా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అడవుల వెంట తిరగడం ఈ వృత్తిలో చిన్న భాగమేనని ముందుగా తెలుసుకోండి. తీసుకొచ్చిన ఫొటోల్లో పనికొచ్చేవి ఏరడం, ఒక్కొక్కదానికీ జాతి పేరు, చోటు, తేదీ రాసిపెట్టడం, వాటిని రెండు వేర్వేరు చోట్ల భద్రపరచడం, అనుమతుల కోసం దరఖాస్తులు పెట్టడం, బిల్లులు పంపి రావలసిన డబ్బు కోసం పదే పదే గుర్తు చేయడం, ఇవన్నీ బల్ల ముందు కూర్చుని చేసే పనులే, వాటికే ఎక్కువ కాలం పోతుంది. ఆదాయం కూడా ఒక్క దారిన రాదు. పత్రికలు, క్యాలెండర్లు, పాఠ్యపుస్తకాలు, అభయారణ్యాల్లో పెట్టే సమాచార ఫలకాలు, గోడకు తగిలించుకునే ప్రింట్లు, శిక్షణ తరగతులు, ఇలా నాలుగు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా సమకూరుతుంది. మొదటి రెండు మూడేళ్లు మరో ఆదాయం ఉండాలన్నది నా అభిప్రాయం.

అయితే మీ అబ్బాయికి బొమ్మ గీయడం కూడా వచ్చు కనుక కేవలం కెమెరా పట్టినవారికి దొరకని పని అతనికి దొరుకుతుంది. ఫొటోలో ఒక పక్షి ఒక క్షణంలో, ఒక వెలుతురులో ఎలా ఉందో అంతే ఉంటుంది. చిత్రకారుడు మాత్రం ఆడ, మగ, పిల్ల పక్షుల్నీ, వాలినప్పుడూ ఎగిరేటప్పుడూ కనిపించే తేడాల్నీ ఒకే పుటలో పక్కపక్కన చూపగలడు. పక్షులను గుర్తుపట్టే పుస్తకాల్లో నేటికీ గీసిన బొమ్మలకు చోటు ఉండడానికి కారణం అదే. కడప జిల్లా లంకమల పొదల్లో 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి సంగతే చూడండి. రాత్రివేళ తిరిగే ఆ పక్షిని కెమెరాకు చిక్కించుకోవడం చాలా కష్టం. అటువంటి జాతుల గురించి జనానికి చెప్పాలంటే నమూనాలనూ వర్ణనలనూ పరిశీలించి గీసే చెయ్యే కావాలి.

ప్రశ్న: ఒక సంస్థ తన డైరీ కోసం నా చేత డబ్బిచ్చి పక్షుల ఫొటోలు తీయించుకుంది. మరుసటి ఏడు అవే ఫొటోలు వాళ్ల క్యాలెండర్లోనూ, ప్రకటనల్లోనూ నా పేరు లేకుండా వచ్చాయి. అడిగితే ‘అవి మావే’ అన్నారు. నిజమేనా?
– ఒక ఫొటోగ్రాఫర్, కాకినాడ

జవాబు: నిజమయ్యే అవకాశం చాలా ఉంది. మన కాపీరైటు చట్టం (1957) ప్రకారం ఫొటో తీసినవారే దాని కర్త. కానీ ఒకరు డబ్బిచ్చి పని పురమాయించి తీయించుకున్న ఫొటోకు, గీయించుకున్న వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, పురమాయించినవారే తొలి హక్కుదారు అవుతారని 17వ సెక్షను చెబుతోంది. మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మీరు సొంతంగా వెళ్లి, మీ ఖర్చుతో, ఎవరూ అడగకుండా తీసుకున్న ఫొటో విషయం వేరు, దాని మీద హక్కు మీదే.

అందువల్ల పని మొదలుపెట్టక ముందే, ఒక్క పేజీ అయినా సరే, కాగితం మీద రాసుకోవాలి: హక్కు నాదే, ఫలానా డైరీలో, ఇన్ని ప్రతులకు, ఫలానా సంవత్సరానికి వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నాను, పక్కన నా పేరు ఉండాలి. హక్కును బదిలీ చేయాలంటే లిఖితపూర్వకంగా ఉండాలని 19వ సెక్షను నిర్దేశిస్తోంది. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగానూ చట్టం లెక్క కడుతుంది. హక్కు చేతులు మారినా, ఆ కృతి తనదేనని చెప్పుకునే అధికారం కర్తకు 57వ సెక్షను కింద మిగిలే ఉంటుంది కనుక, కనీసం పేరు విషయంలో మీరు లేఖ రాయవచ్చు. వాట్సాప్ సందేశాలూ, బిల్లులూ చెరపకుండా దాచుకుని, ఒకసారి న్యాయవాదికి చూపించండి. ‘డబ్బు లేదు గానీ మీకు పేరొస్తుంది’ అనేవారి గురించి మాట్లాడుకోవడం అనవసరం.

ప్రశ్న: దసరాకు పాలపిట్ట ఫొటో ఒకటి క్యాలెండరుకు ఇచ్చాను. కంప్యూటరు మీద మెరిసిన నీలం అచ్చులో మసకబారింది. తప్పు ముద్రణాలయానిదా, నాదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఇద్దరిదీ కాకపోవచ్చు. కూర్చున్న పాలపిట్ట గోధుమరంగులో సాదాగా కనిపిస్తుంది. రెక్క విప్పితేనే ముదురు నీలం, లేత నీలం పట్టీలు వరుసగా బయటపడతాయి. ఆ నీలం రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు, ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును చెదరగొట్టడం వల్ల కనిపిస్తుంది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ఆఫ్‌సెట్ అచ్చు మాత్రం సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతోనే సరిపెట్టుకోవాలి. ఆ లేత నీలం వాటి పరిధికి బయట పడుతుంది కనుక బూడిద పూసినట్టు అవుతుంది. ఫైలును ముందే ఆ నాలుగు రంగుల పద్ధతిలోకి మార్చి చూసుకోండి, మొత్తం ప్రతులు వేయకముందే ఒక నమూనా అచ్చు అడిగి తీసుకుని పగటి వెలుతురులో పరిశీలించండి. ఫొటోను మరీ కత్తిరించారేమో కూడా చూసుకోండి: ఏ3 సైజులో అంగుళానికి 300 చుక్కల లెక్కన 3508 × 4961 పిక్సెళ్లు, అంటే సుమారు 17 మెగాపిక్సెళ్లు కావాలి.

ఇదే రెక్కను నీటిరంగుల్లో వేసేవారికి ఒక మాట. తెల్లరంగు కలిపి నీలాన్ని లేత చేస్తే సున్నం కలిపినట్టు పాలిపోతుంది. మంచి కాగితం మీద థాలో బ్లూ అనే గాఢమైన నీలం రంగును బాగా నీరుగా పలుచన చేసి ఒక పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, ముదురు పట్టీలున్న చోట మాత్రమే రెండో పూత వేయండి; కాగితపు తెలుపు కింది నుంచి వెలుగునిస్తుంది.

ప్రశ్న: ఇంటర్నెట్లో దొరికిన ఫొటో చూసి పెయింటింగ్ వేసి అమ్ముకోవచ్చా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: సాధన కోసం ఇంట్లో వేసుకోవడం వేరు, అమ్మడం వేరు. అమ్మేటట్టయితే ఫొటో తీసినవారి అనుమతి లిఖితపూర్వకంగా తీసుకోండి. మీ ఊరి చెరువు గట్టున మీరు తీసుకున్న మామూలు ఫొటోలు నాలుగైనా చాలు, పైగా ఆ పక్షి నడక, నిలబడే తీరు మీ కళ్లతో చూసినవి అవుతాయి.

ప్రశ్న: నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతుల గూళ్లను దగ్గరగా తీయాలని ఉంది. డ్రోన్ ఎగరవేయవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) 28వ సెక్షను కింద అనుమతి విధానం ఉంది. డ్రోన్ సంగతైతే అటవీ శాఖ ప్రత్యేకంగా ఒప్పుకోకపోతే తలపెట్టనేకూడదు. చట్టం మాట పక్కన పెట్టినా, నీటిలోని చెట్ల మీద గుడ్లు పొదిగే పక్షి బెదిరి లేచిపోతే, అది తిరిగి వచ్చేలోగా గుడ్లు ఎండకు వేడెక్కుతాయి, కాకులూ గద్దలూ వాలతాయి. పరిశీలన గోపురం నుంచి పొడవైన లెన్సుతో తీయండి. అరుదైన జాతి దొరికితే పోస్టు చేసే ముందు ఫొటో ఫైలులో కెమెరా గానీ ఫోను గానీ రాసిపెట్టిన జీపీఎస్ వివరాలను తొలగించండి, చోటు పేరుకు బదులు జిల్లా పేరు రాస్తే సరిపోతుంది.