కాన్పు కాకముందే చదువు

నాన్నా,

నీ భార్య కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందని రాత్రి ఫోన్లో నీ ఏడుపు విన్నాక నిద్ర పట్టలేదు. 30 ఏళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసినదాన్ని, అయినా నీతో ఒక్క మాట అనలేకపోయాను. కొన్ని పనులు కాన్పైన కాసేపట్లోనే జరగాలి, అందుకే రాస్తున్నాను.

బిడ్డ గుండె ఆగిపోయిందన్నాక వెంటనే ఆపరేషన్ చేసి తీసేయమని మీ నాన్న అంటున్నాడట. తొందరపెట్టొద్దను. తల్లికి వేరే ప్రమాదం లేకపోతే మందులతో నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేయడమే మంచిది. కోత పడితే వచ్చే కాన్పుకి అదో భయం. నొప్పి తగ్గే ఇంజెక్షన్ మాత్రం గట్టిగా అడుగు.

బిడ్డ వెనక వచ్చే మాయను పారేయొద్దని డాక్టరమ్మకు ఇప్పుడే చెప్పు. చెప్పకపోతే ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో పోతుంది, మళ్లీ దొరకదు. దాన్ని పరీక్షకు పంపితే చాలాసార్లు ఏదో ఒక ఆచూకీ తెలుస్తుంది. జన్యు పరీక్షకు ఇచ్చే ముక్కను ఫార్మలిన్‌లో, అంటే కుళ్లకుండా దాచే మందునీళ్లలో వేయకూడదు, మా వాళ్లే మర్చిపోతుంటారు. బిడ్డకు పోస్టుమార్టం అంటే నీకు మనసు రాదు, తెలుసు. వద్దనుకున్నా తప్పు లేదు, పైపైన పరీక్షకు, ఎక్స్‌రేకు, ఫొటోలకైనా ఒప్పుకో. నీ భార్యకు మూడు నెలల షుగర్, సిఫిలిస్, యాంటీఫాస్ఫోలిపిడ్ (రక్తం గడ్డకట్టే తత్వం ఉందేమో చూసేది) పరీక్షల గురించి అడుగు. ఆ చివరిది పాజిటివ్ వస్తే 12 వారాలు పోయాక మళ్లీ చేయించాలి. తన రక్తం గ్రూపు నెగెటివ్ అయితే 72 గంటల్లో యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. ఇన్ని చేసినా కారణం దొరక్కపోవచ్చు.

మా రోజుల్లో బిడ్డను గుడ్డలో చుట్టి, తల్లికి చూపించకుండానే తండ్రి చేతిలో పెట్టేవాళ్లం. మంచే చేస్తున్నామనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత ఒకావిడ సంతలో నన్ను ఆపి, "నా బిడ్డకు జుట్టుండేదా సిస్టరమ్మా?" అని అడిగింది. నాకు గుర్తు లేదు.

అందుకే అమ్మాయిని అడుగు, చూస్తావా అని. వద్దంటే కాసేపాగి ఇంకోసారి అడుగు. బలవంతం చేయకు. పాదముద్రలు తీయించి నీ దగ్గర దాచు.

రెండు మూడు రోజులకు పాలు పడతాయి. ఇది ముందుగా ఎవరూ చెప్పరు, ఆ పూట తను కుప్పకూలిపోతుంది. ఆపడానికి మాత్ర ఉంది, బీపీ ఉంటే ఇవ్వరు, ఆ సంగతి డాక్టర్‌కు గుర్తుచెయ్యి.

సెలవు సంగతి. ప్రసూతి సెలవు విషయంలో చట్టం ప్రకారం బిడ్డ అంటే చనిపోయి పుట్టిన బిడ్డ కూడా. ఆఫీసువాళ్లు గర్భస్రావం కింద ఆరు వారాలే ఇస్తామంటే ఊరుకోకు.

బొప్పాయి తిందని, గ్రహణం రోజు బయటికొచ్చిందని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను, నా చెల్లెలేగా. వారాలు గడిచినా అమ్మాయికి నిద్ర లేకపోయినా, బతకాలని లేదన్నా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. మనసు బాగోలేనివాళ్లకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా ఫోన్ చేయొచ్చు. నీకైనా సరే, మగాడివని మింగేసుకోకు.

రేపు మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఇంట్లో కొన్న ఉయ్యాల, గుడ్డలు ఎవరూ కదపొద్దని చెప్పు. ఎప్పుడు తీయాలో తనే చెబుతుంది.

పెద్దమ్మ