టెక్ సందేహాలు: గట్టు తగ్గిందా, ఫోన్ తప్పిందా?

ప్ర: దస్తావేజు ప్రకారం మా పొలం 2 ఎకరాల 40 సెంట్లు. ల్యాండ్ కొలత యాప్ ఆన్ చేసి గట్టు చుట్టూ తిరిగితే 2.31 చూపిస్తోంది. పక్క రైతు గట్టు జరిపాడని నా అనుమానం. ఈ స్క్రీన్‌షాట్ పెద్దమనుషుల ముందు పెట్టొచ్చా? – గుంటూరు జిల్లా పాఠకుడు

పెట్టకండి. ముందు లెక్క చూద్దాం. తగ్గింది 9 సెంట్లు, అంటే సుమారు 364 చదరపు మీటర్లు. పొలం నలుచదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క 98 మీటర్ల పైచిలుకు, చుట్టుకొలత 394 మీటర్లు. 364ని 394తో భాగిస్తే ఒక్క మీటరు కూడా రాదు. అంటే చుట్టూరా గట్టు మీద కాకుండా మీటరు లోపలగా, చేలోంచి నడిచినా చాలు, మీ 9 సెంట్లూ మాయం.

మరి ఫోన్ జీపీఎస్ సంగతేమిటి? పైన చెట్టూ చేమా లేని చోట కూడా 5 మీటర్లు అటూ ఇటూ చూపించడం దానికి మామూలే. కొబ్బరి చెట్ల కిందయితే ఇంకా ఎక్కువ. బొమ్మ మొత్తం ఒకే పక్కకి జరిగితే విస్తీర్ణం మారదు. కానీ మీరు నడుస్తున్నకొద్దీ ఆ తేడా కూడా మారుతూ పోతుంది, చిక్కంతా అక్కడే. నమ్మకపోతే రేపు పొద్దున్నే మూడుసార్లు తిరిగి చూడండి. మూడు రకాల అంకెలు వస్తే, పక్క రైతు ఒక్క పూటలో గట్టు మూడుసార్లు జరిపి ఉండడు కదా!

అలాగని ఆయన జరపలేదనీ నేను చెప్పను. ఆ మాట తేల్చే శక్తి యాప్‌కి లేదు, అంతే. తేల్చేది కాగితం, రాయి. సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతలతో ఉండే సర్వే పటం) కాపీ తీసుకోండి. రీసర్వే పూర్తయిన ఊరైతే ఎల్పీఎం (కొత్త కొలతల భూమి పటం). ఎఫ్ఎంబీలో గీతల పక్కనుండే అంకెలు అడుగులూ కావు, మీటర్లూ కావు, లింకులు. మెట్రిక్ లింకు 20 సెంటీమీటర్లు, కాబట్టి 492 అని ఉంటే 98.4 మీటర్లు. పాత గుంటర్ గొలుసు (66 అడుగులకు 100 లింకులు) లింకు 20.12 సెంటీమీటర్లు. పటం ఏ లింకుల్లో ఉందో ముందు అడగండి. వెయ్యి లింకుల దూరంలో ఈ రెంటికీ మీటరు పైనే తేడా వస్తుంది.

ఇక రెండు సర్వే రాళ్లు వెతికి, వాటి మధ్య టేపు పట్టండి. పటంలో ఉన్న దూరం నేల మీద వచ్చిందంటే సగం పని అయినట్టే. మా ఊళ్లో ఒక సర్వే రాయి ఏళ్ల తరబడి గేదెను కట్టేసే గుంజగా పనిచేసింది. పాపం, అది మాత్రం అంగుళం కదల్లేదు! మీ ఫోన్ పనికొచ్చేదీ ఇక్కడే. రాయి దొరగ్గానే లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే ఏడాది గడ్డిలో వెతకాలంటే 5 మీటర్ల కచ్చితత్వం చాలు. కొలతల్లో తేడా నిజంగానే కనబడితే మీసేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలవమనే) దరఖాస్తు పెట్టండి. మండల సర్వేయర్ చుట్టుపక్కల వాళ్లకు నోటీసు ఇచ్చి, వాళ్ల ఎదుటే కొలుస్తారు.

ప్ర: డల్లాస్‌లో ఉంటున్నాం. కరీంనగర్ దగ్గర 30×60 ప్లాటు ఉంది. గూగుల్ ఎర్త్‌లో చూస్తే పక్కింటి గోడ మా ప్లాట్లోకి వచ్చినట్టుంది.

పైన చెప్పిన ఫోన్ జీపీఎస్ తేడా 5 మీటర్లంటే 16 అడుగులు, మీ ప్లాటు వెడల్పులో సగం కంటే ఎక్కువ. ఉపగ్రహ చిత్రం కూడా కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు కాబట్టి, దాని మీద మీరు గీసుకున్న గీతను నమ్మకండి. గూగుల్ ఎర్త్ ప్రోను కంప్యూటర్‌లో వేసుకుని, గడియారం గుర్తు నొక్కి పాత సంవత్సరాల చిత్రాలు చూడండి. వీధి మలుపు నుంచో వాటర్ ట్యాంకు నుంచో గోడ ఎంత దూరంలో ఉందో ఒక్కో ఏడాదికీ కొలవండి. ఆ దూరం మారుతూ, గోడ మీ వైపు జరుగుతూ వస్తుంటే మీవాళ్లను టేపుతో పంపండి.

ప్ర: ఫోన్ కెమెరాతో కొలిచే యాప్ ప్రహరీకి సరిపోతుందా?

టేబులుకి సరిపోతుంది. ప్రహరీకి లేజర్ మీటర్ కొనండి, తేడా మిల్లీమీటర్లలోనే ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో ఎర్ర చుక్క కనబడదు, సాయంత్రం కొలవండి.

ప్ర: అనంతపురం దగ్గర 12 ఎకరాల్లో వెంచర్ వేస్తున్నాం. ప్రైవేటు సర్వేయర్ ఇచ్చిన ఫైలును మ్యాప్ మీద తెరిస్తే సైటు బంగాళాఖాతంలో పడింది! డబ్బులు వృథాయేనా? పోనీ డ్రోన్‌తో మళ్లీ చేయించమంటారా?

సర్వే బాగానే ఉండి ఉంటుంది, జోన్ తప్పయి ఉంటుంది. యూటీఎం అంటే భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా చీల్చి, చోటును మీటర్లలో చెప్పే లెక్క. అందులో 78 డిగ్రీల రేఖాంశానికి పడమటి వైపు జోన్ 43, తూర్పు వైపు 44. హైదరాబాద్, విజయవాడ 44లో ఉంటాయి. అనంతపురం 77.6 దగ్గర ఉంది కాబట్టి 43. మీ ఆఫీసు కుర్రాడు అలవాటుగా 44 కొట్టుంటాడు. సైటు ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి సముద్రంలో పడింది. 43 పెట్టి మళ్లీ తెరవమనండి. (ఇచ్ఛాపురం వాళ్లకు 45. అక్కడ వెంచర్ వేసేటప్పుడు గుర్తుంచుకోండి.)

డ్రోన్‌కి కనబడేది గట్టే గానీ హద్దు కాదు. చెట్ల కింద రాళ్లు అసలే కనబడవు. ఎత్తుపల్లాలకు, రోడ్ల ప్లానుకు డ్రోన్ వాడుకోండి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన) మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, ఉందో లేదో చూడమనండి. హద్దు రాళ్లకు మాత్రం ఆర్టీకే రోవర్ (తేడాను అప్పటికప్పుడు సరిదిద్దుకునే సర్వే జీపీఎస్) పెట్టించండి, రెండు సెంటీమీటర్ల వరకూ కచ్చితంగా వస్తుంది. రోవర్ తెరమీద 'ఫిక్స్' (లెక్క కచ్చితంగా కుదిరింది) అని వచ్చాకే ప్రతి పాయింటూ తీసుకోవాలి. 'ఫ్లోట్'లో (లెక్క ఇంకా కుదరకముందు) తీసుకున్న పాయింట్లుంటే మళ్లీ తీయించండి. డీఎక్స్ఎఫ్ డ్రాయింగ్‌తో (ప్లాను గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకునే ఫైలు) పాటు పాయింట్ల సీఎస్‌వీ ఫైలూ (అంకెల పట్టిక) అడిగి తీసుకోండి. ఏ జోనో ఫైలు పేరులోనే రాయించండి.